పిక్క మీద పద్దు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పూర్తి చేసిన రోజు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. లిఫ్ట్ సరిగ్గా ఆ రోజే చెడిపోయింది. మామూలుగా దిగుదామంటే తొడలు ఒప్పుకోవడం లేదు. రెండో అంతస్తు ఆంటీ తలుపు తీసి, "ఏమైందమ్మా, ఎక్కడైనా పడ్డావా?" అంది. పొద్దున నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తానని చెప్పాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, "ఎందుకూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. రెయిలింగ్ పట్టుకుని ఇంకో మెట్టు దిగాను.

పచ్చబొట్టు పొడిపించుకోవాలన్న కోరిక పుట్టింది ఆ మెట్ల మీదే.

నాకు 41 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరమ్మ భయపెడితే ఐదేళ్ల కింద కేబీఆర్ పార్కు చుట్టూ నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది. పరుగు ఐదు కిలోమీటర్లయింది, పది అయింది, ఇరవై ఒకటయింది. ఈ ఏడాది ఫుల్. ఐదు గంటల ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మెడల్ ఇచ్చారు. దాన్ని మర్నాడే మా పాప స్కూల్లో చూపిస్తానని పట్టుకెళ్లి, రిబ్బన్ నిండా ఐస్‌క్రీమ్ పూసుకుని తెచ్చింది. ఇప్పుడది బీరువా తలుపుకి వేలాడుతోంది, తలుపు వేసినప్పుడల్లా టంగుమంటుంది. ఎవరూ పట్టుకెళ్లలేనిది, టంగుమననిది ఒకటి కావాలనిపించింది నాకు.

ఎక్కడ వేయించుకోవాలన్న దానిలో అనుమానం లేదు. కుడి పిక్క. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరినప్పుడు అది బాగానే ఉంది. ఈ ఊళ్లో పరిగెత్తినవాళ్లకి తెలుసు, ఒక ఫ్లైఓవర్ దిగామో లేదో ఇంకొకటి ఎదురొస్తుంది. 34వ కిలోమీటరు దగ్గర ఆ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. డివైడర్ మీద కూర్చుండిపోయాను. మా పాప కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, ఒక వలంటీర్ పిల్ల పరిగెత్తుకొచ్చి స్ప్రే కొట్టి, బొటనవేలు వెనక్కి వంచి పట్టుకుని, "ఆంటీ, లేస్తారా, ఆటో పిలవనా?" అంది. ఆటో అనేసరికి రోషమొచ్చి లేచాను. మిగిలిన ఎనిమిది కిలోమీటర్లు గచ్చిబౌలి స్టేడియం దాకా ఆ పిక్కని బతిమాలుకుంటూ వెళ్లాను. కాబట్టి ఏ గుర్తు పెట్టినా దాని మీదే పెట్టాలి.

ఎక్కడ అన్నది తేలింది కానీ, ఏం వేయించుకోవాలి అన్నది తేలడానికే రేసు కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది.

మా రన్నింగ్ గ్రూపులో ఆదివారం లాంగ్ రన్ అయ్యాక ఇడ్లీ తినడం ఆచారం. ఆ టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడి చుట్టూ ఉన్న కాళ్లూ చేతులూ చూస్తే చాలు, పరుగు పిచ్చోళ్లు ఒంటి మీద ఏమేం వేయించుకుంటారో ఒక ప్రదర్శన చూసినట్టే. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, ఆ వారం మాత్రం సాంబారు వదిలేసి అవే చూశాను.

మా గ్రూపులో పెద్దాయన ఒకరున్నారు, అందరం అన్నయ్యా అంటాం. ఆయన ముంజేతి మీద 4:58:12 అని ఉంటుంది. మొదటి మారథాన్ టైమ్. ఐదు గంటల లోపు వచ్చాననే సంబరంలో ఆ వారమే వేయించుకున్నారు. ఏడాది తిరక్కుండా 4:31 చేశారు. ఇప్పుడు ఎవరు కొత్తగా కలిసినా ముందు చెయ్యి చూపించి, తర్వాత "అది పాతదమ్మా, ఇప్పుడు 4:31" అని వివరణ ఇవ్వాల్సి వస్తోంది. "ఒకటి చెప్తా విను," అన్నారు నాతో. "మారే అంకె వేయించుకోకు." ఆ రోజు నేను విన్న సలహాల్లో పనికొచ్చినది అదొక్కటే.

ఇంకో కుర్రాడు, సాఫ్ట్‌వేర్, తను పరిగెత్తిన రూటు మొత్తాన్ని ఫోన్ యాప్‌లోంచి తీసి సన్నటి గీతగా మడమ దగ్గర నుంచి పైకి వేయించుకున్నాడు. ఆలోచన నాకు భలే నచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కడో కూడా చూపించాడు. కానీ నాలుగడుగుల దూరం నుంచి అది కాలి మీద ఉబ్బిన నరంలా ఉంది. వాళ్ల అత్తగారు డాక్టర్ దగ్గరికి వెళ్లమని రెండుసార్లు అన్నారట. రూటు కాకుండా ఎత్తుపల్లాల గ్రాఫ్ వేయించుకోమన్నాడు నన్ను. హైదరాబాద్ మారథాన్ ఎత్తుపల్లాలు కాగితం మీద గీసి చూశాను. వడ్రంగి రంపంలా వచ్చింది.

గుండె కొట్టుకునే ఈసీజీ గీత, దాని చివర పరిగెత్తే బొమ్మ. ఇది ఎంతమందికి ఉందంటే, ఒకే రేసులో స్టార్ట్ లైన్ దగ్గరే ముగ్గురిని చూశాను. రెక్కల బూటు కొందరికి. అది గ్రీకుల దేవుడు హెర్మిస్‌దట. పరుగు దేవుడే కావాలంటే వాయుపుత్రుణ్ణి మన ఇంట్లో పెట్టుకుని గ్రీసు దాకా ఎందుకు వెళ్లడం అని నాకనిపించింది. కానీ హనుమంతుణ్ణి కాలి మీద వేయించుకుంటే మా అమ్మమ్మ నన్ను గడప తొక్కనివ్వదు. నడుము కింద దేవుడి బొమ్మా? ఆ మాటకొస్తే నాకూ మనసొప్పదు. గ్రూపులో ఒకతనికి భుజం మీద గద ఉంది, అది బాగుంటుంది. నాకు కావాల్సింది పిక్క మీదికి.

26.2 అని వేయించుకున్నవాళ్లు ఇద్దరున్నారు. అది మైళ్ల లెక్క, అమెరికా వాళ్లది. మన రోడ్డు పక్క రాళ్ల మీద మైళ్లు ఎక్కడున్నాయి? బోస్టన్ మారథాన్ వాళ్ల ఒంటికొమ్ము గుర్రం బొమ్మ ఎంతో అందంగా ఉంటుంది, కానీ నా వయసు ఆడవాళ్లు మూడున్నర గంటలకు అటూ ఇటూగా పరిగెడితే గానీ అక్కడికి క్వాలిఫై అవ్వరు. నా 5:22తో ఆ గుర్రం వేయించుకుంటే దొంగసొత్తు పెట్టుకున్నట్టే. మారథాన్ వీరుడు శివనాథ్ సింగ్ టైమ్ వేయించుకోమన్నారు ఎవరో. ఆయన 1978లో జలంధర్‌లో 2:12:00 పరిగెత్తారు, దశాబ్దాల పాటు మన దేశంలో ఎవరూ దాన్ని దాటలేకపోయారు. నాకు ఆయనంటే గౌరవమే. అయినా ఆయన చెమట నా కాలి మీద ఎలా రాసుకుంటాను?

ఇంగ్లీషు సూక్తుల సంగతి వదిలేయండి.

తెలుగులో "పరుగు" అని ఒక్క మాట రాయించుకుంటే సరిపోతుందనుకున్నాను కొన్నాళ్లు. ఒత్తులూ సంయుక్తాక్షరాలూ లేని మాట, ఎవరు వేసినా తప్పు రాదు. (ఒత్తుల గొడవ తెలియనివాళ్లకు చెప్తున్నాను, కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు అతికిస్తే ఒత్తు ఊడిపోయి అక్షరం పక్కన విడిగా నిలబడుతుంది. వేసే మనిషికి తెలుగు రాకపోతే దాన్ని అలాగే పొడిచేస్తాడు. "లక్ష్మి" అన్న పేరు అలా ముక్కలైన చెయ్యి నేను కళ్లారా చూశాను.) మా పాప ఈ మాట విని, "అమ్మా, అది చూస్తే ఎవరో నిన్ను పరిగెత్తమని ఆర్డరేసినట్టుంది" అంది. పోయింది ఆ మోజు కూడా.

వినాయక చవితికి మా అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాం, తెనాలి దగ్గర పల్లె. పత్రి పెట్టే ఇత్తడి పళ్లెం కోసం అమ్మ నన్ను అటక ఎక్కించింది. కాళ్లు అప్పటికే తేరుకున్నాయి లెండి. పళ్లెం వెనక తాతయ్య పద్దుల పుస్తకాలు దొరికాయి. తాతయ్యకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఎర్ర గుడ్డ అట్టల పొడవాటి పుస్తకాలు, లోపల వరసగా పేర్లు, పక్కన అంకెలు. ఆ అంకెలు నాకు అర్థం కాలేదు. పదహారేళ్లుగా బ్యాంకులో అంకెలతో బతుకుతున్నదాన్ని, మా తాతయ్య రాసిన కందిపప్పు బాకీ చదవలేకపోయాను. ఆయన అన్నీ తెలుగు అంకెల్లో రాసేవాడు.

అటక మీదే కూర్చుని ఫోన్‌లో వెతుక్కుని ఒక్కొక్కటి పోల్చుకున్నాను. ఒకటి అంటే కింద తెరిచిన గిన్నెలా ౧. నాలుగు అంటే రిబ్బన్‌ను మడిచి కొసలు పైకి వదిలినట్టు ౪. తాతయ్య చేతిలో ఆ నాలుగు ఎంత ముచ్చటగా ఉందంటే, కలం ఎత్తకుండా ఒక్క తిప్పులో వేసి చివర చిన్న విసురు ఇచ్చేవాడు. ఒక పేజీలో నాలుగూ, ఇంకో పేజీలో రెండూ, ఇలా ఏరుకుంటూ పోతే నా మారథాన్ మొత్తం ఆ పుస్తకంలోనే ఉంది: ౪౨.౧౯౫.

ఫొటోలు తీసుకుని కిందికి దిగాను. "పళ్లెమేదే?" అంది అమ్మ. మళ్లీ ఎక్కాను.

అమ్మమ్మకు మాత్రం అప్పుడు చెప్పలేదు. ఆవిడ ఎడమ ముంజేతి మీద తులసికోటా, దాని చుట్టూ చుక్కలూ ఉంటాయి. నల్లగా మొదలైనవి ఇప్పుడు పాచిరంగుకి తిరిగాయి. పదకొండేళ్లప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎరుకల ఆమె పొడిచిందట. మూడు సూదులు కలిపి దారంతో కట్టి, దీపం మసిలో ఆకుపసరు కలిపి, పొడిచాక పసుపు అద్దింది. కూలి ఒక శేరు బియ్యం, ఒక పాత చీర. "పోయేటప్పుడు ఒంటి మీద బంగారం ఊడదీసుకుంటారే, దీన్ని ఎవడు తీసుకుంటాడు?" అనేది చిన్నప్పుడు మాతో. నేను మెడల్ గురించి అనుకున్నదే ఆవిడ ఎప్పుడో అనేసింది.

మా ఆయన అభ్యంతరం చెప్పలేదు, ఒక ప్రశ్న మాత్రం అడిగాడు. "నలభై రెండు అంటే సరిపోదా, ఆ నూట తొంభై ఐదు మీటర్లు కూడా వేసుకోవాలా?" వేసుకోవాలి. 1896లో మొదటి ఒలింపిక్స్‌లో మారథాన్ సుమారు నలభై కిలోమీటర్లే. 1908లో లండన్ ఒలింపిక్స్‌కి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజుగారి కుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. అలా 42.195 వచ్చింది, 1921లో అదే ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ కోసం పెరిగిన దూరం గచ్చిబౌలిలో నా ప్రాణం తీసింది. మిగతా నలభై రెండూ ఎలా పరిగెత్తానో సరిగా గుర్తు లేదు గానీ చివరి రెండు వందల మీటర్లలో ప్రతి అడుగూ గుర్తుంది. దాన్ని వదిలేస్తే ఎలా?

మొదట వెళ్లిన షాపు చూడ్డానికి బ్యూటీ పార్లర్‌లా మెరిసిపోతోంది. వెయ్యి రూపాయలు అడ్వాన్స్ కట్టించుకున్నారు. తాతయ్య చేతిరాత ఫొటోలు పంపితే, అవెందుకు, ఫాంట్ ఉంది కదా అన్నారు. సరే చూద్దామని వెళ్లాను. స్టెన్సిల్ తెచ్చారు. స్టెన్సిల్ అంటే బొమ్మను ఊదారంగు కార్బన్ లాంటి కాగితం మీదికి తీసి చర్మానికి అద్దుతారు, ఆ గీతల మీద సూది నడుపుతారు. నేను కొత్తగా నేర్చుకున్న తెలుగు అంకెలు కూడబలుక్కుంటూ చదివాను. ౪౨.౧౫౯. తొమ్మిదీ ఐదూ తారుమారు. నేను చదవలేకపోయి ఉంటే జన్మంతా ముప్పై ఆరు మీటర్లు తక్కువ పరిగెత్తినదాన్ని అయ్యేదాన్ని. దిద్దుతామన్నారు. ఈలోగా ట్రేలో సూది చూశాను, ప్యాకెట్ ముందే చింపి ఉంది. కొత్తదే మేడమ్ అంటారు. కొత్తదైతే నా ముందు చింపొచ్చుగా? చెప్పులేసుకుని వచ్చేశాను. వెయ్యి వెనక్కి రాలేదు.

రెండో చోటు మెట్లెక్కి వెళ్లాలి, ఒక గది, ఒక మంచం, ఒక కుర్రాడు. కరీంనగర్ పిల్లవాడు. తాతయ్య అంకెలు ఫోన్‌లో పెద్దవి చేసి చాలాసేపు చూసి, "మంచిగ రాసిండు అక్కా మీ తాత" అన్నాడు. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాను. కానీ నేను అనుకున్న సైజు ఒప్పుకోలేదు. సిరా చర్మంలో ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం పాకుతుందట, ౪ లో ఉన్న కన్నం చిన్నదైతే పదేళ్లకు పూడుకుపోయి నల్ల మచ్చలా మిగులుతుందట. ఒక్కో అంకె బొటనవేలి గోరు కంటే పెద్దదిగా ఉండాలన్నాడు. ఒప్పుకున్నాను. ఒక్క చుక్క దగ్గరే పేచీ. "చుక్క కొంచెం పెద్దగ పెడదాం అక్కా." నాకేమో బ్యాంకు అలవాటు, చుక్క అంటే చుక్కలాగే ఉండాలి. "ఆవగింజంత చాలు" అన్నాను. "నీ ఇష్టం" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండో శనివారం, బ్యాంకు సెలవు, పొద్దున పదకొండు. కడుపు నిండా తిని రమ్మన్నాడు, ముందు రోజు నొప్పి మాత్రలు వేసుకోవద్దన్నాడు. కొన్ని మాత్రలకి రక్తం పలచబడి ఎక్కువ కారుతుందట. పిక్క మీద గీకడానికి కొత్త రేజర్. తర్వాత నన్ను మంచం మీద పడుకోమంటాడనుకుంటే, నిలబడమన్నాడు. పడుకున్నప్పుడు పిక్క ఒక ఆకారం, నిలబడితే ఇంకో ఆకారం, పరిగెత్తేవాళ్లకైతే మరీనట. మడమ ఎత్తు, దించు, ఎత్తు, దించు అని నాలుగుసార్లు చేయించి, కండ ఎక్కడ ముడుచుకుంటోందో చూసి, దాని పక్కగా నిలబెట్టే స్టెన్సిల్ అద్దాడు. అద్దంలో చూసుకుని చదివాను. అద్దంలో తిరగబడి కనిపిస్తుందని ఒక క్షణం మర్చిపోయి గుండె ఆగినంత పనైంది. ఫోన్‌తో ఫొటో తీయించుకుని మళ్లీ చదివాను. నాలుగు, రెండు, చుక్క, ఒకటి, తొమ్మిది, ఐదు.

సూది ప్యాకెట్ నా ముందు పెట్టి, వెనక తేదీ చూపించి, చింపాడు. సిరా చిన్న మూతలో పోశాడు, మిగిలితే పారేస్తాడట, సీసాలోకి తిరిగి పోయడట. మెషిన్‌కి పలచని ప్లాస్టిక్ కవరు. బోర్లా పడుకున్నాను.

శబ్దం దర్జీ మిషనుదీ తేనెటీగదీ మధ్యలో ఉంటుంది. నొప్పి గురించి అందరూ అడుగుతారు. కండ ఉన్న చోట పిల్లి గోటితో ఒకే గీత మీద మళ్లీ మళ్లీ గీసినట్టుంటుంది, మంట. ఎముక వైపు జరిగినప్పుడు పళ్లు జిల్లుమన్నాయి. ౯ మొత్తం ఆ వైపే ఉంది. అయితే 34వ కిలోమీటరు దగ్గర పడ్డదానితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు, ఇక్కడ కనీసం పడుకోబెట్టారు. "అక్కా, కాలు బిగబట్టకు" అంటూనే ఉన్నాడు. మధ్యలో ఏదో మాట కలపాలని, "ఇది పోకుండా ఎలా ఉంటుంది?" అని అడిగాను. పైచర్మం ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంది, అందుకని దాని కింద పొర దాకా, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకి సిరా దింపుతారు. బయటి వస్తువు వచ్చిందని ఒంట్లోని రక్షణ కణాలు సిరాను మింగి మోసుకుపోదామని చూస్తాయి, రేణువులు పెద్దవి కాబట్టి మొయ్యలేక అక్కడే పట్టుకుని కూర్చుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే కొత్తవి వచ్చి మళ్లీ పట్టుకుంటాయి. ఇందులో సగం అతను చెప్పాడు, సగం ఇంటికెళ్లి చదువుకున్నాను.

యాభై నిమిషాలు. మూడు వేలు. చివరగా చుక్క పెట్టాడు, టక్కున ఒక్క క్షణం. పైన ఒంటికి అతుక్కునే పలచటి ఫిల్మ్ వేసి మూడు రోజులు తీయొద్దన్నాడు. దాని కింద సిరా, నీరు కలిసి నల్లగా ఊరుతుంది, భయపడొద్దన్నాడు. ఊరింది, భయపడ్డాను. ఆ తర్వాత రోజూ ఘాటులేని సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, ఆయింట్‌మెంట్ పలచగా రాయాలి. ఎండ వద్దు, ఈత వద్దు, చెమట వద్దు. దురద వస్తే గోకొద్దు, అరచేత్తో తట్టు.

పరుగు మనుషులు ఇక్కడే దెబ్బతింటారు. "చెమట వద్దు" అన్నది రెండు వారాల మాట. రేసు అయ్యాక ఎలాగూ విశ్రాంతి ఉంటుంది కదా అప్పుడే వేయించుకుంటే కలిసొస్తుందని నేను లెక్క వేసుకున్నాను. మొదటి రెండు వారాలు కాళ్లే కదలవు కాబట్టి విశ్రాంతి తేలిక. మూడో వారం నుంచి కాళ్లు దురదపెడతాయి, పచ్చబొట్టు దురద వేరే. పచ్చబొట్టు పడింది సరిగ్గా మూడో వారంలో. ఇంకోటి కూడా ముందు ఆలోచించలేదు. ఏడాదికి రెండుసార్లు రక్తమిచ్చేదాన్ని, పచ్చబొట్టు తర్వాత ఒక ఏడాది తీసుకోరు. ఈ సంగతి తెలిసుంటే రేసు ముందే ఒకసారి ఇచ్చేసి ఉండేదాన్ని.

ఎనిమిదో రోజు ఆదివారం. గ్రూపులో గండిపేట వైపు పది కిలోమీటర్లు. ముందు రాత్రి వాన పడి వాతావరణం చల్లగా ఉంది, చెమట పెద్దగా పట్టదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎండ తగలకుండా పిక్కలకు వేసుకునే బిగుతు స్లీవ్ లాగాను. తెలివిగా చేశాననే అనుకున్నాను. ఆరు కిలోమీటర్ల దగ్గర చురుక్కుమంది. పట్టించుకోలేదు. ఇంటికొచ్చి స్నానాల గదిలో స్టూలు మీద కూర్చుని స్లీవ్ కిందికి లాగుతుంటే అక్కడక్కడా అతుక్కుంది. తడిపి, నెమ్మదిగా, గోరంత గోరంత జరుపుతూ తీశాను. అంకెలు బాగానే ఉన్నాయి, పెచ్చులు ఇంకా పట్టుకునే ఉన్నాయి. స్లీవ్‌ను తిరగేసి చూశాను. లోపలి గుడ్డకి నల్లటి పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. ఆవగింజంత.

పిక్క చూసుకున్నాను. రెండుకీ ఒకటికీ మధ్య లేత గులాబీ రంగు చర్మం మెరుస్తోంది. చుక్క లేదు.

కుర్రాడికి ఫోన్ చేశాను. అరుస్తాడనుకుంటే నవ్వాడు. "పెద్దగ పెడతా అంటే విన్లేదు. పైంగ అది ఏసుకొని ఉరికినవ్. పెచ్చు దానంతట అది రాలాలె అక్కా, గుంజితే సిరా దాంతోనే పోతది. నెల ఆగి రా, పైసలేం వద్దు, మళ్ల పెడతా."

బ్యాంకులో అంకెల మధ్య చుక్క జారితే పట్టుకునేదాకా ఇంటికి వెళ్లనివ్వని మనిషిని నేను. ఆ వారమంతా ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో కనిపించినా తెలుగువాళ్లెవరూ చదవలేకపోయారు లెండి. అరబిక్కా అన్నారు, తమిళమా అన్నారు, కొరియన్ సీరియళ్లు చూస్తున్నావా అన్నారు. చదివింది ఒక్కడే, బెంగళూరు నుంచి ఆడిట్‌కి వచ్చిన అబ్బాయి. వాళ్ల కన్నడ అంకెలు మన అంకెలు దాదాపు ఒకేలా ఉంటాయి, వాళ్లు బస్సుల మీద ఇంకా చూస్తుంటారు. లిఫ్ట్ దగ్గర టక్కున, "నలభై రెండు వేల నూట తొంభై ఐదు. ఏంటి మేడమ్, లోన్ అకౌంటా?" అని ఇంగ్లీషులో అడిగాడు. మీరు కన్నడిగులా అని కూడా అడిగాడు. కాదు, ఇవి తెలుగు అంకెలు అంటే నమ్మినట్టు లేదు.

అప్పుడు వెలిగింది నాకు. నలభై రెండు వేల నూట తొంభై ఐదు. మీటర్లు. మారథాన్ నలభై రెండు పాయింట్ ఒకటి తొమ్మిది ఐదు కిలోమీటర్లు, అంటే నలభై రెండు వేల నూట తొంభై ఐదు మీటర్లు. లిఫ్ట్ వచ్చి వెళ్లిపోయింది, నేను అక్కడే నిలబడి నవ్వుకుంటున్నాను.

దసరాకి ఊరెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంటే నేను గట్టు మీద కాళ్లు చాపుకున్నాను. చీర కుచ్చిళ్లు పైకి జరిగి ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగింది. తిడుతుందేమోనని చీర లాక్కోబోయాను. "ఉండవే" అని నా కాలు పట్టుకుంది. చూపుడువేలు ౪ మీద పెట్టి, తాతయ్య కలం తిప్పినట్టే మెల్లగా తిప్పింది.

"మీ తాత రాతలా ఉందే," అంది. తర్వాత ఒక్కో అంకె మీదా వేలు జరుపుతూ పైకి చదివింది. "నలభై రెండు వేల... నూట తొంభై ఐదు." వేలు ఆగింది. "ఇంత బాకీ ఎవరు పడ్డారే మనకి?"